జూరకన్ పేజీ

సైరన్ మోగలేదు.

కొలత గొట్టంలో బకెట్టు నీళ్ళు పోశాను. గొట్టంలో నీళ్ళు ఎర్రగీత దాటితే కోక్-ఉంగుర్ ఊరంతా దద్దరిల్లాలి. ఇంకో బకెట్టు పోశాను. అరుగు మీద పడుకున్న కుక్క తల కూడా ఎత్తలేదు.

అంతకుముందు అన్నీ పేజీలో ఉన్నట్టే చేశాను. 'పరీక్షకు ముందు సైరన్‌ను నిద్రపుచ్చండి. తీగలు చూసుకోండి. టీ కాగేంతసేపట్లో సైరన్ తానే లేస్తుంది.' టీ కాచుకున్నాను. తాగాను. ఆ తర్వాత నీళ్ళు పోసి చూడమని పేజీలో లేదు. నాకు దేనిమీదా నమ్మకం లేదు కాబట్టి పోశాను.

ఆ వాక్యాలు రాసింది నా భార్య జూరకన్. ఊరి బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. కొండల మీద మంచు కరిగి, చెరువులు తెగి, బురద వరద వచ్చే ఊళ్ళు మావి. ఆ వరదను ముందే పసిగట్టి సైరన్ మోగించే ప్రోగ్రామును కొందరు కలిసి రాసి అందరి ముందూ పెట్టారు. డబ్బు కట్టక్కర్లేదు, అనుమతి అక్కర్లేదు. ఎవరైనా తీసుకుని తమ ఊళ్ళో పెట్టుకోవచ్చు. తప్పు కనిపిస్తే ఎవరైనా దిద్దవచ్చు. దాన్ని వాడే పద్ధతిని జూరకన్ కిర్గిజ్‌లో రాసింది. పోయిన ఏడాది చనిపోయింది.

ఫోన్ తీసి అదే పేజీని రష్యన్‌లో తెరిచాను. మా పల్లె బడిలో రష్యన్ బెత్తంతో నేర్పారు, ఇంకా మరిచిపోలేదు. అక్కడ ఇంకో మాట ఉంది. 'సైరన్ తానే లేవదు. మీరే లేపాలి.' వసంతంలో మార్చినట్టు పక్కనే తేదీ ఉంది.

సైరన్ పెట్టె తెరిచి లేపు మీట నొక్కాను. ఈసారి మోగింది. పెరట్లో పనిచేస్తున్న ఆడవాళ్ళు కేకలు వేశారు.

"తొక్తొసున్ బైకె! మా గుండెలు ఆపేస్తావా ఏంటి?" కల్బూబు అరిచింది. జూరకన్‌కు పిన్ని కూతురు, నన్ను అన్న వరసలో బైకె అంటుంది. పొయ్యి దగ్గర నూనెలో పిండిముక్కలు, బొర్సోక్‌లు, వేయిస్తోంది. "నూనె నా చేతిమీద పడింది. విందులో వడ్డించాల్సింది గుర్రాన్ని, నన్ను కాదు!"

ఎల్లుండి జూరకన్ ఏడాది విందు. పెరడంతా బంధువులే. గుంజకు ఆడగుర్రం కట్టి ఉంది. ఆమె అన్న మంబెతాలీ దాని పక్కనే బల్ల మీద కూర్చుని, ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరికి ఏ ముక్క వెళ్ళాలో చెబుతున్నాడు. ఆమె బతికుండగా ఈ పెరట్లో ఇంతమందిని నేను చూడలేదు.

నేను గొర్రెల దొడ్డి వెనక్కి వెళ్ళి ఎల్దియార్‌కు ఫోన్ చేశాను. ఆ ప్రోగ్రాము చూసుకునే కుర్రాడు. కరకోల్‌లో ఉంటాడు. జూరకన్ దగ్గర చదువుకున్నవాడే, ఆమెను అక్క వరసలో ఎజె అంటాడు.

"సైరన్ తానే లేవట్లేదు," అన్నాను.

"లేవదు బైకె. వసంతంలో నేనే మార్చాను. తీగలు బాగుచేస్తుంటే మధ్యలో మోగి ఒకాయన నిచ్చెన మీంచి పడ్డాడు. అందుకని చేత్తో లేపేలా పెట్టాం."

"రష్యన్ పేజీ మార్చారు."

"మార్చాం. ఇంగ్లీషూ మార్చాం."

"మాది?"

అవతల మీటలు టకటకలాడాయి.

"ఎల్దియార్, మాది?"

"ఆ పేజీకి కాపరి జూరకన్ ఎజె కదా. పేజీలో అక్షరం మారాలన్నా కాపరి ఒప్పుకోవాలి. మా పద్ధతి అది."

"ఆమె మట్టిలో ఉంది."

"నాకు తెలీదా బైకె? పేరు తీసేస్తే ఇంకొకరు ఒప్పుకోవచ్చు. తీసేద్దామనే అనుకున్నా. అప్పుడే మంబెతాలీ పెద్దాయన ఫోన్ చేశాడు. ఏడాది విందు అయ్యేదాకా మా చెల్లి పేరు ఎక్కణ్ణించీ తీయకూడదు, ఆమె రాత మీద ఎవరూ చెయ్యి వేయకూడదు అన్నాడు. బడి గోడ మీది పేరు కూడా తీయనివ్వలేదంట. మాట తీసుకున్నాడు. ఇచ్చాను. అందరం ఇచ్చాం. చర్చ పేజీ చూడండి."

చూశాను. ఎల్దియార్ రాసిన రెండు ముక్కల కింద అందరూ కొవ్వొత్తి బొమ్మలు పెట్టారు. వరసగా కొవ్వొత్తులు. అందులో ఒక్కడు కూడా, మరి సైరన్ సంగతేమిటి అని అడగలేదు. మర్యాదస్తులు.

"ఎల్లుండి విందు అయిపోగానే నేనే మారుస్తా బైకె. సిద్ధంగా రాసి పెట్టుకున్నాను. రెండు రోజులే కదా."

ఎండ చూశాను. పొద్దున్నే చొక్కా వీపుకు అంటుకుంటోంది. వారం నుంచీ ఇదే వరస. ఇలాంటి ఎండల్లోనే పైన మంచు చెరువులు తెగుతాయి. ఇలాంటి ఎండల్లోనే ప్రతి ఊళ్ళోనూ సైరన్ పరీక్ష చేస్తారు. పేజీ చూసి చేస్తారు. నిద్రపుచ్చి, టీ తాగి, నిశ్చింతగా వెళ్ళిపోతారు.

నేను ఆ మాట అనబోతుండగా చర్చ పేజీ అడుగున కొత్త సందేశం కనిపించింది. అప్పుడే వచ్చింది. కింద పేరు ఐజర్కిన్ అని ఉంది. చదివాను.

'మా లోయలో ఎండ మండిపోతోంది. పైన చెరువు అంచుదాకా నిండింది. పేజీలో ఉన్నట్టే సైరన్ పరీక్ష చేశాను. అంతా బాగుంది. ఇప్పుడు పాలు పితకడానికి పచ్చికకు ఎక్కుతున్నాను, అక్కడ ఫోన్ పలకదు. రేపు దిగుతాను. పిల్లలు, మా అత్త కిందే ఉన్నారు. సైరన్ ఉంది కాబట్టి బెంగ లేదు. జూరకన్ ఎజె, మీరు నూరేళ్ళు బతకాలి.'

"చూశావా?" అన్నాను.

"చూశాను." ఎల్దియార్ గొంతు మారిపోయింది. "జవాబు రాస్తున్నా... రాశాను. చూడట్లేదు. వెళ్ళిపోయినట్టుంది."

"ఏ ఊరు?"

"తెలీదు బైకె. ఎవరు తీసుకున్నారో, ఎక్కడ పెట్టుకున్నారో మేం అడగం. అడక్కుండా ఇవ్వడమే మా పద్ధతి. నరీన్ వైపో, అలాయ్ వైపో."

"ఫోన్ నంబరు?"

"పేరు తప్ప ఇంకేం లేదు."

"ప్రోగ్రామును పాతదానికి మార్చెయ్."

"పెట్టెలు ప్రోగ్రామును నెలకోసారే తెచ్చుకుంటాయి. పేజీనైతే రోజూ తెచ్చుకుంటాయి, మధ్యాహ్నం. మొదటి వాక్యం పెట్టె తెరమీద పెద్ద అక్షరాల్లో పడుతుంది."

"అయితే మధ్యాహ్నం లోపు మొదటి వాక్యం మార్చు. వాళ్ళ అత్త చూస్తుంది."

"బైకె, మాట ఇచ్చాను."

"ఎవరికి? గుర్రం పక్కన బల్లమీద కూర్చున్నవాడికి."

"పెద్దాయనకి. మా నాన్న కంటే పెద్దాయనకి. నేను మాట తప్పితే మా నాన్న ఈ ఊళ్ళోకి ఏ మొహం పెట్టుకుని వస్తాడు?" గొంతు తగ్గించాడు. "ఎజె ఫోన్ మీ దగ్గరే ఉంది కదా. అందులోంచి ఒప్పుకోలు మీట నొక్కండి. కాపరి ఒప్పుకున్నట్టే అవుతుంది. పేరు తీయక్కర్లేదు, నా మాటా పోదు. ఎవరికీ తెలీదు."

"చచ్చిపోయిన దాని చేత సంతకం పెట్టిస్తావురా?"

"మరి ఏం చెయ్యమంటారు?"

"ఫోన్ పెట్టెయ్యకు. జేబులో వేసుకుంటున్నా. విను."

జూరకన్‌కు ఆయాసం వచ్చిన రోజు నేను ఆస్పత్రి గోడ మీద రాసి ఉన్న అంబులెన్స్ నంబరుకు ఫోన్ చేశాను. చేస్తూనే ఉన్నాను. ఆ నంబరు మారి ఏళ్ళయింది. గోడకు సున్నం కొట్టినప్పుడల్లా పాత నంబరు మీదే మళ్ళీ రంగు దిద్దుతూ వచ్చారు. చక్కటి రాత. దిద్దినవాడు ఇప్పుడు ఈ పెరట్లోనే కట్టెలు కొడుతున్నాడు. వాడికి నేను టీ ఇవ్వలేదు, ఇవ్వను.

మంబెతాలీ దగ్గరికి వెళ్ళాను.

"బావా, ఎల్దియార్‌ను మాట నుంచి వదిలెయ్. జూరకన్ పేరు పేజీ మీంచి తీయాలి. ఇప్పుడే."

ఆయన నా వైపు చూడకుండా పులిసిన గుర్రప్పాల కుమిస్ గిన్నెను ఒకసారి ఊపాడు. "ఎల్లుండి."

సందేశం చదివి వినిపించాను. రెండుసార్లు చదివాను. కల్బూబు గరిటె పట్టుకుని దగ్గరికి వచ్చి నిలబడింది.

"అయ్యో, పిల్లలు కిందే ఉన్నారంట," అంది.

"నువ్వు వేయించుకో," అన్నాడు మంబెతాలీ. తర్వాత నాతో అన్నాడు. "నూరేళ్ళు బతకమని దీవించింది. విన్నావా? ఎక్కడో తెలియని లోయలో మా జూరా ఇంకా బతికే ఉంది. అది నువ్వు చెరిపేస్తానంటావు. ఏడాది తిరక్కుండా!"

"సైరన్ నిద్రపోతోంది, బావా."

"మా చెల్లి అబద్ధం రాసిందా?"

"నిజమే రాసింది. మీరందరూ కలిసి దాన్ని కుళ్ళబెట్టారు."

"నోరు అదుపులో పెట్టుకో." గిన్నె కింద పెట్టాడు. "నువ్వు ఎప్పుడూ అంతే. ఆమెను మట్టి చేసిన రోజు కూడా ఏడవలేదు. గుడారంలో ఏడుపులు మిన్నంటుతుంటే నువ్వు బయట గడ్డి కోస్తున్నావు. ఊరంతా చూసింది. ఇప్పుడు పేరు కూడా కొట్టేస్తే నీకు హాయిగా ఉంటుంది."

కట్టెలు కొట్టే చప్పుడు ఆగింది. అందరూ వింటున్నారు. నేను గడ్డి కోసిన మాట నిజమే. ఆవులకు అది తెలీదు కదా, ఇంట్లో మనిషి పోయిందని.

"పేరు తీయనివ్వనంటే తీయనివ్వను. నా మాట విందు దాకా. విందు అయ్యాక మీ ఇష్టం," అన్నాడు.

"విందు అయితే చాలా?"

"చాలు."

"పదిమంది ముందు అన్నావు."

"అన్నాను. ఏం, నన్ను కోర్టుకు ఈడుస్తావా?"

నేను గుంజ దగ్గరికి వెళ్ళి గుర్రం తాడు విప్పాను. గుర్రం నాది. జూరకన్ పేరు మీద ఏడాదంతా మేపాను. కోతకు సిద్ధం చేసిన చోటికి నడిపించి, కాళ్ళకు తాడు వేయడం మొదలుపెట్టాను.

"ఏం చేస్తున్నావు?" అని అడిగాడు మంబెతాలీ.

"విందు."

"పిచ్చి పట్టిందా? విందు ఎల్లుండి! నరీన్ నుంచి బంధువులు వస్తారు. మామ వరస వాళ్ళు ఇంకా బయల్దేరనేలేదు!"

"వచ్చాక చల్లారిన మాంసం తింటారు."

"చల్లారిన మాంసమా! ఏడాది విందులో!" కల్బూబు చెంపలు వాయించుకుంది. "బైకె, జనం ఏమంటారు? ఈ ఇంటివాడు ఆకలికి ఆగలేక ముందే తినేశాడంటారు!"

"అననీ."

తాడు బిగించాను. గుర్రం ఒరిగింది. ఇద్దరు అలవాటు కొద్దీ వచ్చి పట్టుకున్నారు. తర్వాత ఏం చేస్తున్నామో గుర్తొచ్చి మంబెతాలీ వైపు చూశారు. నేను కత్తి తీశాను.

"దువా ప్రార్థన చెబుతావా బావా? చెప్పకపోతే దువా లేకుండానే కోస్తాను. నీ చెల్లెలి గుర్రం దువా లేకుండా పోయిందని నరీన్ వాళ్ళకు నువ్వే చెప్పుకో."

ఆయన లేచాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా నేను కదిలేవాడిని కాదు. సూర్యుడు దాదాపు నడినెత్తికి వచ్చేశాడు. గుర్రం గట్టిగా ఊపిరి తీస్తోంది. నా జేబులోంచి ఎల్దియార్ "బైకె, బైకె" అంటున్నాడు.

మంబెతాలీ అరచేతులు ఎత్తాడు. దువా చెప్పాడు. మాటలు పళ్ళ మధ్యలోంచి వచ్చాయి. నేను కోశాను.

"ఇప్పుడు ఖురాన్," అన్నాను.

"చేతులు కడుక్కో ముందు, మొరటోడా."

కడుక్కున్నాను. నేల మీదే కూర్చున్నాం. పరుపులు లేవు, గుడారం సగమే లేపి ఉంది, వడ్డించడానికి బొర్సోక్‌లు తప్ప ఏమీ లేవు. కల్బూబు ఏడుస్తూ వాటినే గుడ్డ మీద పోసింది. మంబెతాలీ చదివాడు. మొదట కోపంగా, తొందరగా చదివాడు. మధ్యలో జూరకన్ పేరు చెప్పాల్సిన చోట ఆగిపోయాడు. మళ్ళీ అందుకుని చివరిదాకా చదివాడు. నేను నీడ చూస్తూ కూర్చున్నాను. గుడారం కర్ర నీడ పొట్టిదవుతోంది. తొందరగా చదువు అనాలనిపించింది. అనలేదు. ఆ ఒక్కటీ ఆయనకు వదిలేశాను.

ఆమీన్ అన్నాక ఒక బొర్సోక్ విరిచి నోట్లో వేసుకున్నాను. ఆయనకూ ఇచ్చాను. తీసుకోలేదు.

"తిను బావా. తినకపోతే విందు కాదు."

తిన్నాడు. నమలకుండా మింగాడు.

ఫోన్ తీసి ఆయన నోటి దగ్గర పెట్టాను. "చెప్పు."

"అయింది," అన్నాడు మంబెతాలీ. "ఎల్దియార్, అయింది. నీ మాట నీకు వదిలేశాను. తీసెయ్."

"తీస్తున్నా పెద్దాయనా... క్షమించండి."

ఫోన్ తెర మీద ఆ పేజీ తెరిచే ఉంది. కింద 'కాపరి: జూరకన్' అని ఉండేది. కళ్ళముందే ఆ చోటు ఖాళీ అయింది. చప్పుడేమీ రాలేదు.

"మొదటి వాక్యం ఏం పెట్టమంటారు?" ఎల్దియార్ అడిగాడు. "నేను రాసుకున్నది చదువుతా. 'గౌరవనీయులైన వాడుకరులారా, ఇటీవలి మార్పుల దృష్ట్యా దయచేసి...'"

"గౌరవనీయులు తీసెయ్. దయచేసి తీసెయ్. రాసుకో. 'సైరన్ నిద్రపోతోంది. అది తానే లేవదు. ఇప్పుడే వెళ్ళి లేపు మీట నొక్కండి.'"

"ఇంతేనా?"

"ముసలావిడ చదవాలి. ఇంతే."

"పంపుతున్నా..." ఉన్నట్టుండి ఫోన్ మూగబోయింది. సిగ్నల్ పోయింది. నేను దొడ్డి గోడ ఎక్కాను. పైనా లేదు. పొయ్యిల పొగ కళ్ళలోకి వస్తోంది. కింద అందరూ మొహాలు పైకెత్తి నన్నే చూస్తున్నారు. కర్ర నీడ ఇంక పొట్టిది కావడం లేదు. మసీదు వైపు నుంచి మధ్యాహ్నం నమాజుకు పిలిచే బాంగు మొదలైంది.

బాంగు అయ్యాక ఫోన్ మోగింది.

"వెళ్ళింది బైకె," అన్నాడు ఎల్దియార్. "మధ్యాహ్నానికి ముందే వెళ్ళింది. కొద్దిలోనే."

"ఐజర్కిన్ పెట్టె తీసుకుందా?"

"అది మనకు తెలిసే దారి లేదు."

గోడ దిగాను. మా ఊరి పెట్టె దగ్గరికి వెళ్ళి చూశాను. తెర మీద కొత్త వాక్యం పెద్ద అక్షరాల్లో ఉంది. మా దానికి చేరింది. అంతవరకే తెలుసు.

ఆ రోజంతా మాంసం కోశాం. ఎవరూ నాతో మాట్లాడలేదు. సాయంత్రం దక్షిణాన కొండల మీద మబ్బు పట్టింది. మరుసటి రోజు కూడా అక్కడే ఉంది. ఐజర్కిన్ నుంచి కబురు లేదు. ఎల్దియార్ ఫోన్ చేసి, వార్తల్లో ఎక్కడో లోయలో దారి తెగిందంటున్నారని చెప్పాడు. ఏ లోయ అని అడిగాను. పేరు చెప్పలేదన్నాడు. మళ్ళీ చేశాడు, మళ్ళీ అదే మాట. మనుషుల గురించి వార్తల్లో ఏమీ లేదన్నాడు. ఏమీ లేదంటే మంచా చెడా అని అడిగాడు. నాకెలా తెలుస్తుందన్నాను.

విందు రోజు నరీన్ బంధువులు వచ్చారు. మాంసాన్ని మళ్ళీ వేడిచేసి పెట్టాం. గట్టిపడింది. మామ వరస ముసలాయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "ఇది జూరా గుర్రమా, జూరా వాళ్ళ తాత గుర్రమా?" అన్నాడు. నవ్వారు. విందు ముందే అయిపోయిందని తెలిశాక నవ్వడం మానేశారు. ఒక కుటుంబం తినకుండానే లేచి వెళ్ళిపోయింది. మంబెతాలీ వాళ్ళను గుమ్మం దాకా సాగనంపి వచ్చి, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

ఎల్దియార్ కూడా వచ్చాడు. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. ఫోన్ పక్కనే పెట్టుకుని తింటున్నాడు. ఒక్కసారిగా గిన్నె దించాడు.

"బైకె."

ఫోన్ నా చేతికిచ్చాడు. ఐజర్కిన్.

'ఇప్పటికి సిగ్నల్ ఉన్న చోటికి వచ్చాను. తెర మీద రాత మారిందంట. మా అత్త చదివి, జూరకన్ పేజీ ఎవడు పాడుచేశాడని తిట్టి, అయినా లేపు మీట నొక్కిందంట. ఆ రాత్రే చెరువు తెగింది. సైరన్ అరిచింది. వంతెన పోయింది, మా గొడ్ల పాక పోయింది, సగం గొర్రెలు పోయాయి. పిల్లలను గుట్ట ఎక్కించారు. అందరూ ఉన్నారు. జూరకన్ ఎజెకు మా సలాం.'

"చదవండి బైకె, అందరికీ వినిపించండి," అన్నాడు ఎల్దియార్. కళ్ళు తుడుచుకుంటున్నాడు. "ఎజె విందులో చదవాల్సిన మాట ఇది."

"ఎందుకు? మనల్ని మనం మెచ్చుకోడానికా?"

"అది కాదు బైకె..."

"మీరు కొవ్వొత్తులు పెట్టిన రోజు నుంచి మొన్నటిదాకా ఎన్ని లోయల్లో సైరన్లు నిద్రపోయాయో, అది చదువు ముందు."

మంచి కుర్రాడే. అయినా అన్నాను. అనకపోతే మరిచిపోతాడు.

మంబెతాలీ తల కొంచెం తిప్పాడు. "ఏమైందంట?"

"మోగిందంట."

"పిల్లలు?"

"ఉన్నారు."

ఆయన గిన్నె పక్కన పెట్టాడు. తర్వాత మోకాళ్ళ మీద సర్దుకుని, అందరి వైపూ చూసి, అరచేతులు ఎత్తాడు. ఆ లోయవాళ్ళ కోసం దువా మొదలుపెట్టాడు. జూరకన్ పేరు కలిపాడు. గుడారంలో అందరూ చేతులు ఎత్తారు.

నేను బయటికి వచ్చి, దొడ్డి గోడ మీద కూర్చుని జవాబు రాశాను. 'జూరకన్ చనిపోయి ఏడాదయింది. సలాం ఆమెకు అందదు. మీ అత్తకు చెప్పండి, నీళ్ళు పోసి చూడకుండా సైరన్‌ను ఎప్పుడూ నమ్మవద్దని. ఆ మాట పేజీలో లేదు. ఈ రోజు చేరుస్తాను.'

ఎల్దియార్‌ను బయటికి పిలిచి, ఎక్కడ రాయాలో చూపించమన్నాను.